40 డీఏపీ అంటే 40 గ్రాములు కాదట!

విభాగం: మిద్దె తోట – కష్టాలు, కబుర్లు

మేడమీద_మల్లి · విజయవాడ · సోమవారం ఉదయం 6:40

అందరికీ నమస్కారం. నవ్వుకునేవాళ్లు ముందే నవ్వేసుకుని తర్వాత చదవండి.

ఆరు వంగ మొక్కలు, ఆరు గ్రో బ్యాగులు. నాటి నెల దాటింది. ఆకు బాగానే ఉంది, పూత జాడ లేదు. పాత చర్చలు వెతికితే వంగ గురించి ఒక పట్టిక దొరికింది. "40 డీఏపీ – పూత. 60 డీఏపీ – మొదటి కోత." అంతే, రెండు ముక్కలు. అబ్బ, ఎంత సులువుగా చెప్పారో అనుకున్నాను. మా ఆయన చేత ఎరువుల కొట్లో కిలో డీఏపీ తెప్పించాను. స్వీట్లు చేసేటప్పుడు వాడే చిన్న త్రాసు మీద బ్యాగుకి 40 గ్రాముల చొప్పున తూచి, మొదళ్లలో పోసి నీళ్లు పెట్టాను. కాయ దశకి 60 గ్రాములు కదా అని ఇంకో పొట్లం కట్టి, పైన పేరు రాసి మరీ దాచాను.

మూడో రోజుకి ఆకుల అంచులు మాడిన అప్పడంలా అయ్యాయి. ఐదో రోజుకి తలలు వాల్చేశాయి. ఇవాళ్టికి నాలుగు పోయాయి. మా తమ్ముడి కొడుకు వ్యవసాయ డిప్లొమా చదువుతున్నాడు, వాడికి ఫొటోలు పంపితే "అత్తా, అక్కడ డీఏపీ అంటే ఎరువు కాదు, డేస్ ఆఫ్టర్ ప్లాంటింగ్. నాటిన 40 రోజులకి పూత వస్తుందని దానర్థం" అన్నాడు. తర్వాత నవ్వాపుకోలేక ఫోన్ పెట్టేశాడు.

"నాటిన 40 రోజులకి" అని రాస్తే ఏం పోయేదండీ? నాలుగు మొక్కలు బతికేవి. మిగిలిన రెండింటినైనా ఎలా కాపాడుకోవాలో చెప్పండి. దయచేసి తెలుగులో.

బాల్కనీ_భారతి · విశాఖ · సోమవారం 7:05

అయ్యో మల్లిగారూ. నవ్వకుండా ఉండలేకపోయాను, సారీ. ఆ 60 గ్రాముల పొట్లం మాత్రం ఎవరికీ అందని చోట పెట్టండి.

ఏజీ_తమ్ముడు · బాపట్ల · సోమవారం 7:48

అక్కా, ఆ పట్టిక రాసింది నేనే. క్షమించండి.

ముందు మొక్కల సంగతి. మట్టి పైన కనిపిస్తున్న గుళికలన్నీ ఏరేయండి. పై మట్టి రెండంగుళాల మేర తీసేయండి. తర్వాత బ్యాగు అడుగు కన్నాల్లోంచి ధారగా కారేదాకా నీళ్లు పోసి, గంట ఆగి మళ్లీ పోయండి. రేపు కూడా ఒకసారి అలాగే. కొత్త చిగురు వచ్చేదాకా ఏ ఎరువూ వద్దు, పేడ నీళ్లు కూడా వద్దు.

40 గ్రాములు ఎంత ఎక్కువో ఒక లెక్క చెప్తాను. పొలంలో ఎకరాకి ఒక బస్తా, అంటే 50 కిలోలు వేశారనుకోండి. ఎకరం 4,840 గజాలు. గజానికి పడేది 10 గ్రాముల పైచిలుకు. గజం చోటులో మీ పన్నెండంగుళాల బ్యాగులు తొమ్మిది పడతాయి. అంటే బ్యాగుకి ఒక గ్రాము, మహా అయితే ఇంకొంచెం. మీరు ఒక్కోదానికి దాదాపు 35 బ్యాగుల భోజనం పెట్టారు.

ఇక పట్టిక. మాకు కాలేజీలో నాలుగేళ్లూ అవే అక్షరాలు. విత్తిన రోజు నుంచి లెక్కైతే డీఏఎస్, నారు నాటిన రోజు నుంచైతే డీఏటీ, మొక్క గానీ దుంప గానీ పెట్టిన రోజు నుంచైతే డీఏపీ. ప్రాక్టికల్ రికార్డులో పూర్తి పేరు రాస్తే చోటు చాలదు. అదే చెయ్యి ఇక్కడా ఆడింది. ఇంకో సంగతి, వంగ నారు పోసి నాటే పంట కాబట్టి నేను డీఏటీ అని రాయాలి. అంటే అక్షరాలు అర్థమయ్యేవాళ్లకి కూడా నేను రాసింది తప్పే. పట్టిక ఇప్పుడే మార్చేస్తాను.

కూకట్‌పల్లి_కుండీలు · హైదరాబాద్ · సోమవారం 9:20

ఈ బాధ నాకూ తెలుసు. పోయినేడాది ఊళ్లో మా పొలం మట్టి పరీక్ష చేయించి నాన్న కార్డు ఫొటో పంపారు. "ఈసీ 0.4, ఓసీ 0.45" అని ఉంది. అప్పుడే ఫ్లాట్ కొని రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరిగొచ్చిన బుర్ర నాది. ఈసీ అంటే భూమి మీద తాకట్లు ఏమీ లేవని చూపించే కాగితం. ఓసీ అంటే బిల్డింగులో దిగొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే కాగితం. "నాన్నా, పొలానికి ఓసీ ఏంటి? అక్కడ ఏమన్నా కట్టారా?" అని అడిగాను. నాన్న సీరియస్ అయ్యి "నా పొలంలో ఎవడు కట్టాడ్రా?" అని సాయంత్రం ఊళ్లో పెద్దమనుషుల్ని పోగేశారు.

ఏజీ_తమ్ముడు · సోమవారం 9:41

హహ్హ. మట్టి కార్డులో ఓసీ అంటే సేంద్రియ కర్బనం. 0.5 శాతం లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మీ నాన్నగారి పొలానికి పశువుల ఎరువు కావాలి. ఈసీ అంటే మట్టిలో ఉప్పెంత ఉందో చెప్పే అంకె, 0.4 ఉంటే భయం లేదు. 2015లో కేంద్రం మొదలుపెట్టిన సాయిల్ హెల్త్ కార్డుల్లో ఇలాంటివి పన్నెండు ఉంటాయి.

బాల్కనీ_భారతి · సోమవారం 9:50

మరి నా వేపనూనె సీసా మీద "1% ఈసీ" అని ఉందేంటి? అందులో కూడా ఉప్పా?

ఏజీ_తమ్ముడు · సోమవారం 9:58

కాదండీ, అది మూడో ఈసీ. నీళ్లలో పోస్తే పాలలా తెల్లగా కలిసిపోయే మందు అని. చిక్కటి మందు, కలుపుకుని కొట్టాలి, నేరుగా కొట్టకూడదు.

కూకట్‌పల్లి_కుండీలు · సోమవారం 10:02

నాలుగోది ఎలక్షన్ కమిషన్. దాన్నీ పిలిస్తే ఓటింగ్ పెట్టుకోవచ్చు.

పాలమూరు_కాక · మహబూబ్‌నగర్ · సోమవారం 12:30

నేను రైతును. పట్నపోళ్ల కుండీల ముచ్చట చూద్దామని ఈ గ్రూపులకు వచ్చిన. మీ మాటలు సగం సమజ్ కావు.

మొన్న ఒకామె బెండ ఆకు ఫొటో పెట్టింది. ఆకు పచ్చగ, ఈనెలు పసుపు. ఒకాయన "వైవీఎంవీ. రోగ్ చెయ్యండి" అని జవాబు రాసిండు. ఆమె "సార్, రోగం వచ్చిందని నాకు తెలుసు, ఏం చెయ్యాలో చెప్పండి" అంటది. ఆయన మళ్లా "రోగ్ ఇమ్మీడియట్లీ" అంటడు. ఇట్ల మూడు రోజులు నడిచింది. పల్లాకు తెగులమ్మా, పీకి అవతల పారెయ్యి, లేకుంటే తెల్లదోమ పక్క చెట్లకు అంటిస్తది అని నేను రాసిన. అయిపోయింది. ఆ మూడు రోజుల్ల ఇంకో నాలుగు చెట్లకు అంటింది.

ఇంకోటి. "ఎఫ్‌వైఎం రెండు కిలోలు" అని రాస్తున్నరు. ఏ కంపెనీ ఎరువో అని ఎరువుల షాపుల అడిగిన. షాపాయన నవ్విండు. ఫామ్ యార్డ్ మాన్యూర్ అంటే పెంట అంట! మా ఇంటెనక కుప్ప ఉన్నది, ఊరికే ఇస్త. పెంట అనడానికి సిగ్గైతే పశువుల ఎరువు అనుండ్రి. నేను బుద్ధి తెలిసిన కాడికెల్లి అదే చేతులతోని ఎత్తుతున్న.

బాల్కనీ_భారతి · సోమవారం 12:52

కాకా, నిజం చెప్పాలంటే సిగ్గే. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో "పెంట తెస్తున్నాను" అంటే అసోసియేషన్ మీటింగ్ పెడతారు. "కంపోస్ట్" అంటే బ్యాగు పట్టుకుని సాయం చేస్తారు.

పెన్షన్_పంతులు · రాజమండ్రి · సోమవారం సాయంత్రం 4:15

చర్చ చాలా రసవత్తరంగా ఉంది. రిటైరైన హెడ్మాస్టరుగా నాదొక సూచన. ఈ ఇంగ్లీషు పొడి అక్షరాల జబ్బుకి మందు మన భాషలోనే ఉంది. ఐపీఎం బదులు సమగ్ర సస్యరక్షణ, ఈసీ బదులు విద్యుద్వాహకత, ఎన్‌పీకే బదులు నత్రజని, భాస్వరం, పొటాషు అని రాయమనండి.

కూకట్‌పల్లి_కుండీలు · సోమవారం 4:31

మాస్టారూ, నత్రజని, భాస్వరం వరకూ ఓకే, ఊళ్లో కూడా అంటారు. కానీ కుండీలో విద్యుద్వాహకత ఎక్కువైందంటే మా ఆవిడ మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తుంది.

పాలమూరు_కాక · సోమవారం 4:40

సారూ, మట్టిల ఉప్పు ఎక్కువైంది. చౌడు. గంతే.

పెన్షన్_పంతులు · సోమవారం 5:10

చౌడు! ఒప్పుకున్నాను. తప్పు నాదే. మా బళ్లో సైన్సు మాస్టారు పక్క గదిలో "కిరణజన్య సంయోగక్రియ" అని పిల్లల చేత ఇరవైసార్లు అనిపించేవారు. గోడ ఇవతల నాకూ కంఠతా వచ్చేసింది. ఒకరోజు ఒక పిల్లాణ్ని ఆపి, అంటే ఏమిట్రా అని అడిగితే "పరీక్షలో నాలుగు మార్కులండీ" అన్నాడు. ఇవాళ నేనూ ఆ సైన్సు మాస్టారి పనే చేశాను.

ఏజీ_తమ్ముడు · సోమవారం రాత్రి 8:25

పొద్దుట్నుంచీ తిట్లు తింటున్నాను, న్యాయమే. కానీ నా వైపు మాట కూడా ఒకటి వినండి. అక్షరాలూ అంకెలూ ఎత్తేసినా మొక్కలు చస్తాయి.

ఇక్కడే పోయిన నెల "పేనుబంకకి వేపనూనె లీటరుకి 5 ఎంఎల్ కొట్టండి" అని ఎవరో అచ్చ తెలుగులో హాయిగా రాశారు. పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో అసలు సరుకు ఎన్ని వంతులో, రాయలేదు. వేపనూనెలో అసలు పనిచేసే సరుకు అజాడిరాక్టిన్. 1500 పీపీఎం సీసా అయితే లీటరుకి 5 ఎంఎల్ సరే. కానీ బజార్లో 10,000 పీపీఎం సీసా కూడా ఉంది, అంటే నూటికి ఒక వంతు. అది లీటరుకి 1 ఎంఎల్, మహా అయితే 2 చాలు. 10,000 సీసాలోంచి 5 ఎంఎల్ కొట్టినవాళ్లు లేత ఆకులు మాడ్చుకున్నారు. అక్కడ "పీపీఎం" అన్న ముక్క మింగేయడమే తప్పు.

అందుకే నేను అక్షరాల్ని పూర్తిగా వదలను. మొదటిసారి విడమర్చి రాస్తాను, అంతవరకూ ఒప్పుకుంటాను.

బాల్కనీ_భారతి · సోమవారం 8:37

ఆ మాడ్చుకున్నవాళ్లలో నేనొకదాన్ని. టమాటా నారు, పాతిక మొక్కలు.

డల్లాస్_దొండపాదు · టెక్సస్ · మంగళవారం ఉదయం 5:55

ఇక్కడ ఇంకా సోమవారం సాయంత్రమే. నేనూ ఒక నేరం ఒప్పుకుంటాను. ఎవరేం అడిగినా "మీ జోన్ ఎంత?" అని మొదలుపెట్టే అలవాటు నాది. ఇక్కడ అమెరికా వ్యవసాయ శాఖ చలిని బట్టి దేశాన్ని జోన్లుగా విడగొట్టింది. చలికాలంలో అతి తక్కువగా ఎన్ని డిగ్రీలకి పడిపోతుందో చూసి అంకె ఇస్తారు. మాది 8. కరివేపాకు, మునగ కుండీల్లోనే పెంచి, నవంబరు వచ్చేసరికి గరాజ్‌లోకి ఈడ్చుకుపోవాలి. మాకు ఆ అంకె ప్రాణం.

ఒకసారి నెల్లూరు నుంచి ఒకాయన కరివేపాకు ఎదగట్లేదని అడిగితే "జోన్?" అని రాశాను. ఆయన "సౌత్ సెంట్రల్ రైల్వే అండి, ఎందుకు?" అన్నారు. నెల్లూరులో మంచెక్కడ కురిసింది! ఆయన్ని నేను అడగాల్సింది కుండీ ఎంత, ఎండ ఎంతసేపు పడుతుంది అని.

కొత్త_చిగురు · ఖమ్మం · మంగళవారం 10:10

రెండేళ్ల నుంచి చదువుతున్నాను. రాయడం ఇదే మొదటిసారి.

మల్లిగారి పోస్టు చూశాక ధైర్యం వచ్చింది. పోయిన వానాకాలం సొర పాదు పెట్టాను. పూలన్నీ మగ పూలే, పిందె లేదు. ఇక్కడ వెతికితే అందరూ "3జీ కటింగ్ చేస్తే చాలు" అంటున్నారు. ఒకరు కాదు, పది మంది. అదేంటో ఒక్కరూ రాయలేదు. అందరికీ తెలిసిందే కాబోలు, అడిగితే నవ్వుతారని ఊరుకున్నాను. మా ఇంట్లో ఫోన్లు 5జీకి వచ్చాయి, సొరపాదుకి ఇంకా 3జీయేనా అని మా పాప వెక్కిరించింది. కటింగ్ అన్నారు కదా అని కత్తెర తీసుకుని మూడు చోట్ల కట్ చేశాను. అందులో ఒకటి మొదలుకి జానెడు పైన. పాదు మొత్తం వాడిపోయింది.

అసలు 3జీ అంటే ఏంటో ఇప్పటికైనా చెప్తారా? నవ్వినా పర్వాలేదు.

మేడమీద_మల్లి · మంగళవారం 10:22

నవ్వను తల్లీ. నాకూ తెలీదు. నేను కూడా రెండుసార్లు ఎవరికో "3జీ చేసి చూడండి" అని సలహా ఇచ్చాను. అందరూ అంటున్నారు కదా అని.

పాలమూరు_కాక · మంగళవారం 10:45

అగో, దొరికింది దొంగ!

ఏజీ_తమ్ముడు · మంగళవారం 11:30

చెప్తాను. మూడో తరం కొమ్మ అని. సొర, బీర, కాకర లాంటి పాదుల్లో మొదటి తీగ మీద ఎక్కువగా మగ పూలే వస్తాయి. అది ఆరేడడుగులు పాకాక చివర మొగ్గ మాత్రం, అంటే బొటనవేలి గోరంత, తుంచేస్తారు. అప్పుడు పక్కల నుంచి కొమ్మలు వస్తాయి. అది రెండో తరం. అవి పది పన్నెండు ఆకులు వేశాక వాటి చివర్లూ తుంచితే మూడో తరం కొమ్మలు వస్తాయి. ఆడ పూలు వాటి మీద ఎక్కువ. కత్తెర అక్కర్లేదు, గోరు చాలు. మొదలు జోలికి అసలు వెళ్లొద్దు.

పాలమూరు_కాక · మంగళవారం 11:38

మా అమ్మ దీన్ని తల తుంచుడు అంటుండె. "తల తుంచు" అంటే ఎక్కడ తుంచాల్నో ఆ మాటల్నే ఉన్నది. ఎవరూ మొదలు కొయ్యరు. మిరపల గూడ గంతే. పై ముడత అంటే ఆకు అంచులు పైకి లేస్తయి, దొప్ప లెక్క. అది తామర పురుగు. కింది ముడత అంటే అంచులు కిందికి ఒంగుతయి, గిన్నె బోర్లించినట్టు. అది నల్లి. ఫొటో లేకున్నా ఫోన్ల చెప్పొచ్చు. మీరేమో "లీఫ్ కర్ల్" అంటరు. ఏ కర్ల్? మందులు రెండు వేరు కద.

ఏజీ_తమ్ముడు · మంగళవారం 11:52

కాకా, దీనికి మాత్రం చేతులెత్తేశాను. మా పుస్తకంలోనూ పై ముడత, కింది ముడత అనే ఉంటుంది. ఇక్కడ లీఫ్ కర్ల్ అని రాసింది నేనే.

పెన్షన్_పంతులు · మంగళవారం 12:15

అయితే కాకగారి మాటలన్నీ ఒక పట్టికగా రాసి పైన పెడదాం. నేను రాస్తాను. పని లేక చేతులు దురద పెడుతున్నాయి.

నిర్వాహకురాలు · మంగళవారం మధ్యాహ్నం 2:00

రాయండి మాస్టారూ. పైన అతికిస్తాను. అయితే ఒక చిక్కుంది. కాకగారు పుంటికూర అంటే మా గుంటూరువాళ్లకి గోంగూర అని చెప్పాలి. కొత్త_చిగురు గారి సొరకాయ శ్రీకాకుళంలో ఆనపకాయ. రెండూ పక్కపక్కన రాయండి, ఎవరి మాటా తీసేయొద్దు.

ఇంకో మాట. మందు గానీ ఎరువు గానీ చెప్పేటప్పుడు ఎన్ని గ్రాములు, ఎన్ని నీళ్లకి, ఏ సైజు కుండీకి అన్నది రాయని జవాబులు ఇకపై ఉంచను. పొడి అక్షరాల మీద మాత్రం రూలు పెట్టడం నాకిష్టం లేదు. రూలు పెడితే తెలిసినవాళ్లు రాయడం మానేస్తారు, నాలాంటివాళ్లం మిగులుతాం. అర్థం కానిచోట "అంటే?" అని ఒక్క ముక్క రాయండి. "అంటే?" అన్నవాళ్లని వెక్కిరిస్తే ఆ వెక్కిరింత తీసేస్తాను.

కూకట్‌పల్లి_కుండీలు · మంగళవారం 2:09

అంటే?

నిర్వాహకురాలు · మంగళవారం 2:10

మిమ్మల్ని తీసేస్తాను.

మేడమీద_మల్లి · మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 7:15

కబురు చెప్దామని వచ్చాను. రెండు వంగ మొక్కల్లో ఒకటి పోయింది. రెండోది తమ్ముడు చెప్పినట్టు నీళ్లు పోస్తే తేరుకుంది. నిన్న మొదటి పువ్వు విచ్చుకుంది. ఊదా రంగు, నడిమధ్యన పసుపు. నాటిన అరవై నాలుగో రోజు. చూడండి, పూర్తిగా రాశాను. మా మేనల్లుడికి ఫొటో పెడితే "64 డీఏటీ అత్తా" అన్నాడు. వాడికి ఆ పువ్వుతో కాసే కాయ పెట్టను.

ఇప్పుడు పక్కనున్న మిరపకి ఆకులు ముడుచుకుంటున్నాయి. ఏం చెయ్యాలి?

పాలమూరు_కాక · ఆదివారం 7:30

పైకా, కిందికా?

మేడమీద_మల్లి · ఆదివారం 7:34

ఉండండి, మేడెక్కి చూసొస్తాను.

మేడమీద_మల్లి · ఆదివారం 7:41

గిన్నె బోర్లించినట్టు ఉంది కాకా. ఆకు కాడ కూడా సాగింది.

పాలమూరు_కాక · ఆదివారం 7:44

అయితే నల్లి. ఎంత కొట్టాల్నో తమ్ముడు చెప్తడు.

ఏజీ_తమ్ముడు · ఆదివారం 8:05

నీళ్లలో కరిగే గంధకం పొడి అని అడగండి అక్కా. లీటరు నీళ్లకి 3 గ్రాములు. ఆకు అడుగు భాగం తడిసేలా, ఎండ చల్లబడ్డాక సాయంత్రం కొట్టండి. దానికి అటూ ఇటూ రెండు వారాలు వేపనూనె కొట్టొద్దు, రెండూ కలిస్తే ఆకు మాడుతుంది.

మేడమీద_మల్లి · ఆదివారం 8:09

సరే తమ్ముడూ. త్రాసు తీస్తున్నాను. ఒక్క డౌటు. 3 గ్రాములంటే 3 గ్రాములేగా?

ఏజీ_తమ్ముడు · ఆదివారం 8:10

గ్రాములే అక్కా. ఒట్టు.